సెకనులో ఇరవయ్యో వంతు

మైన్‌క్రాఫ్ట్ లోకంలో ఒక పగలూ ఒక రాత్రీ కలిపితే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలను ఆట 24,000 సమాన భాగాలుగా కోస్తుంది. ఒక్కో భాగం పేరు టిక్. సెకనుకు 20 టిక్‌లు, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్ల వ్యవధి. గోధుమ పైరు ఎదగాలన్నా, కొలిమిలో ఇనుము కరగాలన్నా, గొర్రె తల తిప్పాలన్నా, నీళ్లు పక్క బ్లాకులోకి పారాలన్నా అది ఏదో ఒక టిక్‌లో జరగాలి. ఆ టిక్‌లో చేయాల్సిన పనంతా 50 మిల్లీసెకన్లలోపు తెమలాలి. ఆడేవాళ్లు నలుగురైనా నలభైమందైనా ఈ గడువు మారదు. ఇంట్లోవాళ్లకూ నలుగురు స్నేహితులకూ ఒక చిన్న సర్వర్ నడపడమంటే ఈ గడువు తప్పకుండా చూసుకోవడం, రోజురోజుకీ పోగుపడే ఆ లోకం చెడిపోకుండా దాచడం. ఈ రెండు పనుల్లో ఎంత నేర్పు ఇమిడి ఉందో మా మేనల్లుడి సర్వర్‌ను దగ్గర కూర్చుని చూశాకే నాకు తెలిసింది.

మైన్‌క్రాఫ్ట్‌ను స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ మొదటిసారి 2009 మే నెలలో జనం ముందు పెట్టాడు. పూర్తి రూపం 2011 నవంబరులో వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను, అంటే మొజాంగ్‌ను, కొనేసింది. ఆట కొనుక్కోవాలి గానీ, జావా ఎడిషన్ సర్వర్ ప్రోగ్రాం మాత్రం ఉచితం. ఒకే ఒక్క ఫైలు. దాన్ని ఎవరైనా తమ ఇంటి కంప్యూటర్లో నడుపుకోవచ్చు, లోపల జరిగేదానికి తామే పూచీ పడవచ్చు. మావాడు నడిపేది పేపర్ అనే రూపాంతరం. అసలు ప్రోగ్రాంను వేగం కోసం బయటి ప్రోగ్రామర్లు మెరుగుపరిచిన కూర్పు అది.

యంత్రం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆఫీసులు వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్, లావుపాటి నిఘంటువంత ఉంటుంది. 16 జీబీ మెమరీ, ఒక ఎస్‌ఎస్‌డీ. హైదరాబాద్ కూకట్‌పల్లి ఫ్లాట్‌లో హాలు గూట్లో, రౌటర్ పక్కన ఉంటుంది. కొనేటప్పుడు వాడు చూసుకున్నది ఒక్కటే. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉన్నాయని కాదు, ఒక్క కోరు ఎంత చురుగ్గా పరిగెడుతుందని. ఎందుకంటే టిక్‌లో జరిగే ముఖ్యమైన పనంతా ఒకే వరసలో, ఒకే దారంమీద నడుస్తుంది. పక్కన పదిహేను కోర్లు ఖాళీగా ఉన్నా ఆ దారానికి సాయం పట్టలేవు. ఇది తెలియక ఖరీదైన యంత్రాలు కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ ఒక్క దారం 50 మిల్లీసెకన్లలో ఏం చేస్తుందో వరసగా చూడాలి. లోకపు గడియారాన్ని ఒక టిక్ ముందుకు జరుపుతుంది. వానా ఎండా చూస్తుంది. ముందే గడువు పెట్టుకుని ఉన్న పనుల జాబితా తీస్తుంది. నీళ్లు ప్రతి 5 టిక్‌లకు ఒక బ్లాకు పారతాయి, మామూలు లోకంలో లావా 30 టిక్‌లకు. కాబట్టి ఏ నీళ్ల బ్లాకు ఏ టిక్‌లో కదలాలో జాబితాలో రాసి ఉంటుంది, దాని వంతు వచ్చేదాకా దాన్ని ఎవరూ కదపరు. ఆ తర్వాత జంతువులు, మనుషులు, గాల్లో ఉన్న బాణాలు. కొలిముల వంతు కూడా వస్తుంది. ఒక్కో ఇనుప ఖనిజం కరగడానికి సరిగ్గా 200 టిక్‌లు, అంటే పది సెకన్లు పడుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది పైరు ఎదిగే పద్ధతి. లోకం చంక్ అనే నిలువు దిమ్మెలుగా ఉంటుంది. ఒక్కో చంక్ అడుగు 16 బ్లాకులు పొడవు, 16 వెడల్పు. 2021 చివర్లో వచ్చిన 1.18 కూర్పు నుంచి ఎత్తు 384 బ్లాకులు. ఆ ఎత్తును మళ్లీ పదహారేసి బ్లాకుల అంతస్తులుగా విడదీస్తారు. ఒక్కో అంతస్తులో 16 ఇంటూ 16 ఇంటూ 16, మొత్తం 4,096 బ్లాకులు. ప్రతి టిక్‌లో ప్రతి బ్లాకునూ పలకరించి "నువ్వు గోధుమవా, ఎదగాలా?" అని అడిగితే ఏ యంత్రమూ ఆ గడువు అందుకోలేదు. అందుకని సర్వర్ ఒక్కో అంతస్తులో గుడ్డిగా మూడు బ్లాకులు ఎంచుకుంటుంది. మూడే. అవి రాళ్లయితే వదిలేస్తుంది. గోధుమ అయితే, ఎదిగే అవకాశం ఉందేమో పాచిక వేసి చూస్తుంది. లెక్క కట్టి చూడండి: 4,096ను మూడుతో భాగిస్తే 1,365 టిక్‌లు. అంటే ఒక్కో బ్లాకుకు సగటున 68 సెకన్లకొకసారి పిలుపు వస్తుంది. ఒకే రోజు నాటిన మొక్కలు ఒకటి ముందు, ఒకటి వెనక పండడానికి కారణం ఇదే. పని తగ్గించుకోవడానికి చేసిన ఏర్పాటే ఆటలోని చేనుకు నిజమైన చేను పోలికను తెచ్చిపెట్టింది. అసలైన వరి మడిలోనూ పిలకలన్నీ ఒకే పొద్దున పొట్టకు రావు కదా.

పనంతా 30 మిల్లీసెకన్లలో ముగిస్తే సర్వర్ మిగతా 20 మిల్లీసెకన్లు ఊరికే ఉంటుంది. 70 పట్టిందనుకోండి, తర్వాతి టిక్ ఆలస్యంగా మొదలవుతుంది. అలాంటివి వరసగా పడితే ఆటలో కాలమే సాగుతుంది. తలుపు తీస్తే కాసేపటికి తెరుచుకుంటుంది, రోజు ఇరవై నిమిషాలు దాటుతుంది, విరగ్గొట్టిన బ్లాకు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. వెనకబాటు బాగా పెరిగితే అందుకోలేకపోతున్నానని సర్వర్ తన లాగ్‌లో రాసుకుని, పోయిన టిక్‌లను వదిలేసి ముందుకు పోతుంది. మావాడు ఆ లాగ్‌ను రోజూ చదువుతాడు. ఆ వాక్యం కనిపించిన సమయం, అప్పుడు ఆటలో ఎవరున్నారు, ఎక్కడున్నారు అన్నవి పక్కన నోట్ చేస్తాడు. ఒకసారి ప్రతి శనివారం సాయంత్రం అదే వాక్యం వస్తుంటే వెతికి చూశాడు. వాడి చెల్లెలి కోళ్ల ఫారంలో వందల కోళ్లు ఒకే గుంటలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఆ తోపులాటనంతా సర్వర్ ప్రతి టిక్‌లో లెక్క కడుతోంది. కోళ్లు తగ్గాయి, వాక్యం మాయమైంది.

గడువు కాపాడడంలో వాడి చేతిలో ఉన్న అసలు మీటలు రెండు అంకెలు. ఒకటి చూపు దూరం, రెండోది కదలిక దూరం. ఆటగాడి చుట్టూ ఎన్ని చంక్‌ల దాకా లోకం కనిపించాలో మొదటిది చెబుతుంది, ఎన్ని చంక్‌ల దాకా పైరు ఎదగాలో, జంతువులు నడవాలో రెండోది చెబుతుంది. రెండూ మొదట 10 ఉంటాయి. పది అంటే చిన్నగా అనిపిస్తుంది గానీ, ఆటగాడు మధ్యలో ఉండి నాలుగు వైపులా పదేసి లెక్కేస్తే 21 ఇంటూ 21, మొత్తం 441 చంక్‌లు. దూరదూరంగా ఉన్న ఎనిమిదిమందికి మూడున్నర వేలు. మావాడు చూపు దూరం 8 పెట్టాడు, కదలిక దూరం 5. అప్పుడు కనిపించేవి 289, కదిలేవి 121. కొండలు దూరందాకా కనిపిస్తాయి, కానీ దూరపు కొండమీది మేక కదలదు. ఆ మేక కదలడం లేదని గమనించినవాళ్లు ఇంతవరకూ లేరు.

మెమరీ విషయంలోనూ ఇదే మితం. జావా తనకు అక్కర్లేని వస్తువులను అప్పుడప్పుడు ఊడ్చుకుంటుంది, ఊడ్చేటప్పుడు పని ఒక్క క్షణం ఆగుతుంది. ఉన్న 16 జీబీ అంతా ఇచ్చేస్తే మంచిదనుకుంటాం. వాడు 4 జీబీ ఇచ్చి, మొదటినుంచీ అంతే ఉంచేలా కట్టాడు. మిగిలింది ఆపరేటింగ్ సిస్టం చేతిలో ఉంటుంది, ఇటీవల చదివిన ఫైళ్లను అది అందులో అట్టిపెట్టుకుంటుంది.

ఇక లోకం డిస్కుమీద ఎలా ఉంటుందన్న సంగతి. ఈ భాగాన్ని రాసినవాళ్ల పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ 4,096 బ్లాకుల అంతస్తునే తీసుకోండి. ఆటలో వందలాది రకాల బ్లాకులున్నాయి, ఒక్కో రకానికి మళ్లీ ఎటు తిరిగి ఉంది, తెరిచి ఉందా మూసి ఉందా లాంటి స్థితులున్నాయి. ప్రతి బ్లాకుకూ పూర్తి పేరు రాస్తే ఫైలు కొండంత అవుతుంది. కానీ ఒక అంతస్తులో నిజంగా కనిపించే రకాలు తక్కువే: కాస్త రాయి, కాస్త మట్టి, బొగ్గు, గాలి. కాబట్టి ముందు ఆ అంతస్తులో ఉన్న రకాల చిట్టా ఒకటి రాస్తారు, తర్వాత ఒక్కో బ్లాకుకు ఆ చిట్టాలోని వరస సంఖ్య మాత్రమే. పిల్లలు అంకెలను బట్టి రంగులు నింపే బొమ్మల పుస్తకం లాంటి పద్ధతి. చిట్టాలో పదహారు రకాలలోపు ఉంటే ఒక్కో బ్లాకుకు 4 బిట్లు చాలు. మొత్తం అంతస్తు 2 కేబీలో ఒదుగుతుంది. పైనున్న ఆకాశం మాదిరి అంతా గాలే అయితే చిట్టాలో ఒకే పేరు, వరస సంఖ్యలే అక్కర్లేదు.

పదిహేడో రకం వచ్చిందంటే 5 బిట్లు కావాలి. ఈ సంఖ్యలను 64 బిట్ల పెట్టెల్లో సర్దుతారు. అయిదేసి బిట్లు పన్నెండు పెడితే అరవై. నాలుగు మిగులుతాయి. 2020కి ముందు ఆ నాలుగింటిని వదలకుండా పదమూడో సంఖ్యను కొంత ఈ పెట్టెలో, మిగతాది తర్వాతి పెట్టెలో పెట్టేవారు. 1.16 కూర్పులో దాన్ని మానేశారు. ఆ నాలుగు బిట్లూ ఖాళీగానే పోనిచ్చి, ఏ సంఖ్య అయినా ఒకే పెట్టెలో పూర్తిగా దొరికేలా చేశారు. చోటు కొంచెం పోయింది, చదవడం తేలికైంది. సెకనుకు ఇరవైసార్లు చదివే చోట ఏది పొదుపో తెలిసి చేసిన మార్పు ఇది.

ఇలాంటి చంక్‌లను 32 ఇంటూ 32 చొప్పున, అంటే 1,024 చంక్‌లను, ఒక రీజియన్ ఫైలులో కడతారు. నేలమీద అది 512 బ్లాకుల చదరం. ఫైలు పేరులోనే ఆ చదరం ఎక్కడుందో రెండు అంకెల్లో ఉంటుంది. ఫైలు మొదట్లో 4,096 బైట్ల సూచిక. ఒక్కో చంక్‌కు నాలుగు బైట్లు: మూడు బైట్లలో అది ఫైలులో ఎన్నో గడిలో మొదలవుతుందో, నాలుగో బైటులో ఎన్ని గడులు పట్టిందో. గడి అంటే 4,096 బైట్లు. దాని వెనక మరో 4,096 బైట్లలో ఒక్కో చంక్ చివరిసారి ఎప్పుడు రాశారన్న వేళ. ఆ తర్వాతే అసలు సరుకు, కుదించి పెట్టిన చంక్‌లు. ఏ చంక్ కావాలన్నా సూచికలో ఒక చోటు చూసి, నేరుగా ఆ గడికి దూకవచ్చు. మిగతా 1,023 జోలికి పోనక్కర్లేదు.

మారిన చంక్‌ను తిరిగి రాసేటప్పుడు ఉన్న జాగ్రత్త చూడండి. పాత గడులమీదే కొత్తది రాయరు. ఖాళీ గడులు వెతికి అక్కడ రాస్తారు, రాశాక సూచికలోని నాలుగు బైట్లు మారుస్తారు, పాత గడులను ఆ తర్వాతే ఖాళీగా లెక్కేస్తారు. మధ్యలో కరెంటు పోయిందనుకుందాం. సూచిక ఇంకా పాత చోటునే చూపిస్తుంటుంది, పాత చంక్ అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది. అయిదు నిమిషాల కట్టడం పోవచ్చు గానీ, ఊరు పోదు.

మరో సంగతి కూడా డిస్కును తేలికగా ఉంచుతుంది. లోకమంతా సీడ్ అనే ఒక 64 బిట్ల సంఖ్య నుంచి పుడుతుంది. నలుదిక్కులా దాదాపు మూడు కోట్ల బ్లాకుల దాకా నడవవచ్చు, అయినా ఎవరూ అడుగుపెట్టని నేల డిస్కుమీద లేనే లేదు. ఎవరైనా దగ్గరికి వెళ్లినప్పుడే అది తయారవుతుంది, అప్పుడే రాయబడుతుంది. ఎగిరే రెక్కలు దొరికిన పిల్లలు ఒక్క మధ్యాహ్నంలో వేల చంక్‌లు పుట్టించి, ఒక్క రాయి కూడా తీయకుండా వెనక్కి వస్తారు. ప్రతి చంక్‌లోనూ ఒక అంకె ఉంటుంది. ఆటగాళ్లు దాని దగ్గర మొత్తం ఎన్ని టిక్‌లు గడిపారో అది చెబుతుంది. మావాడు అప్పుడప్పుడు సర్వర్ ఆపి, ఆ అంకె చాలా తక్కువగా ఉన్న చంక్‌లను ఒక పనిముట్టుతో ఏరి తీసేస్తాడు. మళ్లీ ఎవరైనా అటు వెళ్తే అదే సీడ్‌నుంచి అదే కొండ లేస్తుంది. ఆట కూర్పు మారి ఉంటే మాత్రం అంచుల్లో కొండ కోసినట్టు కనిపించవచ్చు. అందుకే ఊళ్ల చుట్టూ వెడల్పుగా ఒక పట్టీ ఎప్పుడూ ముట్టుకోడు.

ఇంతవరకూ ఇంటి లోపలి సంగతి. బయటివాళ్లు లోపలికి రావాలి. వచ్చేవాళ్లలో ఒక చెల్లెలు వరంగల్ హాస్టల్లో, ఇద్దరు స్నేహితులు బెంగళూరులో, పెద్దనాన్న కూతురు రాజమండ్రిలో, బాబాయి పిల్లలు డాలస్‌లో.

మొదటి అడ్డంకి చిరునామా. ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే సంస్థల్లో చాలావాటికి ఇంటికొకటి చొప్పున పంచేటన్ని పాత తరహా ఐపీ చిరునామాలు లేవు. కాబట్టి వందల ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతాయి. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇల్లు అలాంటి గుంపులో ఉన్నట్టే. 2012లో ఈ పని కోసమే కేటాయించిన వరస అది. లోపల్నుంచి బయటికి వెళ్లవచ్చు. బయటివాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ రాలేరు. రౌటర్లో 25565 నంబరు తలుపు ఎంత తెరిచినా, దానికి ముందు ఇంకో గేటు ఉంది, దాని తాళం మీ దగ్గర లేదు.

దీనికి మావాడు చేసిన ఏర్పాటు ముచ్చటగా ఉంటుంది. నెలకు కొద్దిపాటి అద్దెతో ముంబైలో ఒక చిన్న వర్చువల్ మెషీన్ తీసుకున్నాడు. దానికి సొంత బయటి చిరునామా ఉంది. ఆట అక్కడ నడవదు, అంత బలం దానికి లేదు. అది తలుపు మాత్రమే. ఇంటి యంత్రం లోపల్నుంచి బయటికి వెళ్లి ఆ ముంబై యంత్రంతో వైర్‌గార్డ్ సొరంగం ఒకటి కట్టుకుంటుంది. ముంబై యంత్రం తన తలుపు తట్టినవాళ్లను ఆ సొరంగం గుండా కూకట్‌పల్లికి తోలుకొస్తుంది. ఎవరూ ఆడకపోయినా ఇంటి యంత్రం 25 సెకన్లకొకసారి చిన్న పొట్లం ఒకటి పంపుతుంది, లేకపోతే దారిలోని గేటు ఆ దారిని మరిచిపోతుంది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ వైర్‌గార్డ్ 2020లో లినక్స్ కెర్నల్లోనే చేరింది. మొత్తం నాలుగు వేల వరసల లోపు ప్రోగ్రాం. తాళంచెవి సరిపోని పొట్లం వస్తే అది కాదని కూడా చెప్పదు, అసలు జవాబే ఇవ్వదు. వెతికేవాడికి అక్కడ ఏదో ఉందన్న ఆనవాలు కూడా దొరకదు.

తలుపు దగ్గర రెండు పరీక్షలు. మొదటిది, వచ్చినవాడు తాను చెప్పుకునే మనిషేనా అన్నది. ఆటగాడి పాస్‌వర్డ్ ఇంటి సర్వర్‌కు ఎన్నడూ రాదు. సర్వర్ తన బహిరంగ తాళంచెవి పంపుతుంది. ఆటగాడి కంప్యూటర్ ఒక రహస్య సంఖ్య సృష్టించి, దాన్ని ఆ చెవితో మూసి వెనక్కి పంపుతుంది, అదే సమయంలో తాను ఫలానా చోట చేరుతున్నానని మొజాంగ్ సర్వర్‌కు చెబుతుంది. ఇంటి సర్వర్ అక్కడే విచారించి అవునన్న జవాబు తెచ్చుకుంటుంది. ఇకమీదట మాటలన్నీ ఆ రహస్య సంఖ్యతోనే గుప్తంగా సాగుతాయి. రెండోది, ఆ మనిషి మన జాబితాలో ఉన్నాడా అన్నది. ఆ వైట్‌లిస్టులో పేరుతోపాటు 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. గుర్తింపు ఆ సంఖ్యదే గానీ పేరుది కాదు. పిల్లలు నెలకో పేరు మార్చుకున్నా వాళ్ల సంచిలోని వజ్రాలు ఎక్కడికీ పోవు.

ఈ జాబితా ఎందుకంత ముఖ్యమో 2021 డిసెంబరులో లోకమంతటికీ తెలిసింది. జావా ప్రోగ్రాంలు లాగ్ రాసుకోవడానికి వాడే లాగ్-ఫోర్-జే అనే భాగంలో ఒక లోపం బయటపడింది. ఆట చాట్‌లో ఒక ప్రత్యేకమైన వాక్యం టైప్ చేస్తే చాలు, సర్వర్ దాన్ని లాగ్‌లో రాసుకోబోయి బయటివాడి ప్రోగ్రాంను తనలో నడిపేది. డిసెంబరు 10న మొజాంగ్ దాన్ని సరిచేస్తూ 1.18.1 కూర్పు విడుదల చేసింది. అప్పట్లో తలుపు బార్లా తెరిచిన సర్వర్లకు ముప్పు ఎక్కువ, పది పేర్ల జాబితా ఉన్నవాటికి తక్కువ. మావాడు మాత్రం జాబితా ఉంది కదా అని కూర్పు మార్చడం వాయిదా వేయడు, కూర్పు తాజాగా ఉంది కదా అని జాబితా తీసేయడు.

రాజమండ్రి పిల్ల ఫోన్లో ఆడుతుంది. ఫోన్లలో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. పేరు ఒకటే గానీ అది జావా ఎడిషన్‌తో మాట్లాడలేదు, ప్రోగ్రాం వేరు, భాష వేరు. మధ్యలో గైజర్ అనే దుబాసీని పెట్టాడు. అది 19132 నంబరు దగ్గర కూర్చుని ఫోన్ చెప్పే ప్రతి మాటనూ జావా సర్వర్‌కు అర్థమయ్యేలా మార్చి, జవాబును మళ్లీ ఫోన్ భాషలోకి తిప్పుతుంది. రెండు ఎడిషన్లలో సరిగ్గా సరిపోని వస్తువులు కొన్ని ఉంటాయి, వాటికి దగ్గరి పోలిక చూసి సర్దుతుంది.

డాలస్ దూరం వేరే రకం సమస్య. హైదరాబాద్ నుంచి అక్కడికి నేలమీద అతి దగ్గరి గీత గీసినా పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి నిజంగా పట్టేది రెండు వందలకు పైనే, అంటే నాలుగు టిక్‌లకు పైమాట. ఏ డబ్బుకూ తగ్గని దూరం ఇది. అయినా డాలస్ పిల్లవాడు గడ్డపార దించగానే రాయి విరిగినట్టే కనిపిస్తుంది. వాడి కంప్యూటర్ సర్వర్ జవాబు కోసం ఆగదు. విరిగిందనే అనుకుని బొమ్మలో తీసేస్తుంది, ఆ పనికి ఒక వరస సంఖ్య వేసి సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ సరేనంటే ఆ సంఖ్య తిరిగి వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఈలోగా ఆ రాయిని ఇంకెవరో తీసేసి ఉంటే సర్వర్ మాటే చెల్లుతుంది, బొమ్మ సరిదిద్దుకుంటుంది. వరస సంఖ్యలతో ఈ లెక్క 2022లో 1.19 కూర్పుతో పద్ధతి ప్రకారం అమరింది. రాయి వరకూ ఈ ఊహ బాగానే పనిచేస్తుంది. రాక్షసుడి మీద కత్తి దూసినప్పుడు మాత్రం దెబ్బ తగిలిందో లేదో సర్వరే చెప్పాలి, అక్కడ ఆ నాలుగు టిక్‌లు తెలిసిపోతాయి. ఈ సంగతి తెలిసి మావాడు డాలస్ పిల్లల కోసం ఒక నియమం మార్చాడు. చనిపోయినా సంచిలోని సామాను వాళ్లతోనే ఉంటుంది. దూరం వల్ల ఓడినందుకు వాళ్లు మూల్యం చెల్లించకూడదని వాడి పట్టుదల.

రాత్రి నియమం కూడా అలాగే మార్చాడు. ఆటలో రాత్రి దాటి తెల్లవారాలంటే మామూలుగా ఆ లోకంలో ఉన్నవాళ్లందరూ మంచమెక్కాలి. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిదైతే డాలస్‌లో పొద్దున్న ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో. ఒకడు టిఫిన్‌కు లేచి పోతే మిగతావాళ్లందరికీ తెల్లారదు. ఎంత శాతం మంది పడుకుంటే చాలన్నదానికి ఒక అంకె ఉంది, దాన్ని ఒక్కరు చాలనేంత తగ్గించాడు.

ఇక దాచడం. వాడి పనిలో నేను ఎక్కువసేపు కళ్లప్పగించి చూసింది బ్యాకప్ స్క్రిప్టునే. సర్వర్ నడుస్తుండగా ఫైళ్లు కాపీ చేస్తే ప్రమాదముంది. సూచికను ఒక క్షణంలో, దాని వెనకున్న చంక్‌ను మరో క్షణంలో కాపీ చేస్తే రెండూ పొసగవు. ఆ కాపీ చూడ్డానికి నిండుగా ఉంటుంది, తెరిస్తే ఊరి మధ్యలో చదరంగా ఒక గుంత. కాబట్టి స్క్రిప్టు మొదట సర్వర్‌కు సేవ్-ఆఫ్ అని చెబుతుంది, ఇకమీద డిస్కుమీద తనంతట తాను రాయవద్దని. తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్: మెమరీలో మిగిలినదంతా ఇప్పుడే, పూర్తిగా దించెయ్యి అని. అప్పుడు కాపీ. ఆ కాసేపూ ఆట ఆగదు. పిల్లలు కట్టేది మెమరీలో ఉంటుంది, డిస్కు మాత్రం నిశ్చలంగా ఉంటుంది. చివర్న సేవ్-ఆన్.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కాపీ మధ్యలో డిస్కు నిండి స్క్రిప్టు ఆగిపోతే సేవ్-ఆన్ అనే మాట సర్వర్‌కు చేరదు. ఆట హాయిగా నడుస్తుంటుంది, ఏ లోపమూ కనిపించదు, కానీ డిస్కుమీద ఏదీ పడడం లేదు. వారం తర్వాత కరెంటు పోతే వారం పోతుంది. అందుకని స్క్రిప్టు మొదటి వరసల్లోనే వాడు ఒక కట్టుబాటు రాశాడు: ఈ స్క్రిప్టు ఏ కారణంతో ముగిసినా, పోయేముందు సేవ్-ఆన్ చెప్పి పోవాలి. పని మొదలుకాకముందే దాన్ని సురక్షితంగా వదిలిపెట్టే దారి వేసుకున్నాడు. ఆ వరస చూపించి "ఇదెప్పుడైనా అక్కరకొచ్చిందా?" అని అడిగాను. "రాలేదు మామయ్యా, రాకూడదు కూడా. కానీ వచ్చిన రోజు నేను నిద్రలో ఉంటాను" అన్నాడు.

కాపీ చేసేది ఆర్‌సింక్. గంటకొక కాపీ తీసినా డిస్కు నిండకపోవడానికి కారణం దానిలోని ఒక ఏర్పాటు. పాత కాపీతో పోల్చి, మారని రీజియన్ ఫైలును మళ్లీ రాయకుండా ఉన్నదానికే ఇంకో పేరు తగిలిస్తుంది. ఈ రోజు ఎవరూ వెళ్లని ఎడారి డిస్కుమీద ఒక్కసారే ఉంటుంది, ఇరవై నాలుగు కాపీల్లోనూ కనిపిస్తుంది. పాత కాపీలు తీసేస్తున్నా, చివరి పేరు పోయేదాకా సరుకు పోదు. గంటగంటకూ తీసినవి ఒక రోజు, రోజువారీవి ఒక వారం, వారంవారీవి మూడు నెలలు ఉంచుతాడు. వారానికొక కాపీ డాలస్‌లో బాబాయి ఇంటి కంప్యూటర్‌కు పోతుంది. కూకట్‌పల్లి ఇంట్లో ఏ ప్రమాదం జరిగినా లోకం ఇంకో ఖండంలో భద్రం.

నెలకొకసారి వాడు ఏదో ఒక పాత కాపీని తీసి, 25566 నంబరు మీద రెండో సర్వర్‌గా లేపి, లోపలికి వెళ్లి తిరుగుతాడు. సంత వీధి ఉందా, చెల్లెలి కోళ్లున్నాయా, డాలస్ పిల్లల పడవ ఒడ్డునే ఉందా అని చూసి ఆపేస్తాడు. తీసిన బ్యాకప్‌ను తెరిచి చూడనివాళ్లే ఎక్కువ. నా మటుకు నాకు, ఈ సర్వర్ మొత్తంలో అన్నిటికన్నా గౌరవించదగ్గ పని ఇదే.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంటి ఇన్వర్టర్ ఉన్నా అది మారే క్షణంలో యంత్రం ఆగవచ్చు, కాబట్టి మధ్యలో ఒక చిన్న యూపీఎస్ పెట్టాడు. బ్యాటరీ అడుగంటుతోందని అది యూఎస్‌బీ తీగ ద్వారా చెప్పగానే, ఆడేవాళ్లకు ఒక హెచ్చరిక వెళ్తుంది, సర్వర్ లోకాన్ని డిస్కుమీద రాసి దానంతటదే ఆగుతుంది.

ఈ మధ్య ఒక ఆదివారం నేను అక్కడుండగా రాజమండ్రి పిల్ల ఫోన్ చేసింది, ఏడుపు గొంతుతో. కొండమీద గాజుతో కట్టుకున్న తన ఇంటి గోడ ఎవరో పగలగొట్టారట. వాడు "సరేలే చిన్నీ, ఒక్క నిమిషం ఉండు" అని కోర్‌ప్రొటెక్ట్ అనే ప్లగిన్ తెరిచాడు. ఏ బ్లాకు ఎవరు పెట్టారు, ఎవరు తీశారు, ఎప్పుడు అన్నది అది నిత్యం రాసుకుంటుంది. ఆ ఇంటి చుట్టూ ఇరవై బ్లాకుల మేర, గడిచిన రెండు గంటల్లో, ఆ ఒక్క మనిషి చేసిన మార్పులను మాత్రమే వెనక్కి తిప్పమన్నాడు. ఆ రెండు గంటల్లో అదే చోట ఆ పిల్ల స్వయంగా నాటుకున్న పూలమొక్కలు అలాగే ఉన్నాయి, గాజు పలకలు మాత్రం ఒక్కొక్కటే తిరిగి నిలబడ్డాయి. ఎవరు చేశారో నీకు తెలిసింది కదా, చెప్పవా అన్నాను.

"తెలిసింది మామయ్యా. గోడ వచ్చేసింది కదా, ఇంక పేరెందుకు? వాడికి ఏడేళ్లు. గాజు పగిలితే చప్పుడు బాగుంటుందని కొట్టి ఉంటాడు."

ఆ సాయంత్రమే ఊరి బయట గాజు పలకల కుప్ప ఒకటి వెలిసింది, ఎవరైనా పగలగొట్టుకోవచ్చన్న బోర్డుతో.

యంత్రం ఉన్న గూటి తలుపు లోపలివైపు ఒక ఏ-ఫోర్ కాగితం అంటించి ఉంది. వాడు ఊళ్లో లేనప్పుడు చెల్లెలు సర్వర్ చూసుకోవడానికి రాసి పెట్టినది. ఆపడం ఎలా, లేపడం ఎలా, కూర్పు మార్చేముందు ఏం కాపీ చేయాలి, ముంబై యంత్రం అద్దె ఏ తేదీన కట్టాలి, లాగ్‌లో ఏ వాక్యం కనిపిస్తే పట్టించుకోవాలి, ఏది కనిపించినా వదిలేయాలి. ఉద్యోగంమీద వాడు పుణె వెళ్లినప్పుడు ఆ అమ్మాయే సెలవులకు ఇంటికొచ్చి, ఆ కాగితం చూసి కొత్త కూర్పుకు మార్చింది. ముందు 25566 మీద లేపి, ఊరంతా తిరిగి చూసి, ఆ తర్వాతే అసలుదాన్ని ఆపింది. నాలుగో మెట్టు కింద ఇప్పుడు ఆమె చేతిరాతలో ఒక వరస చేరింది: గైజర్ కొత్త కూర్పు కూడా వచ్చిందో లేదో ముందే చూడాలి, లేకపోతే రాజమండ్రి చిన్ని లోపలికి రాలేదు.